ఇనపగట్టు కోత

ఆగస్టు 2

పడమటి గాలి. అల నడుం ఎత్తు. తాగే నీళ్ళ తొట్టి ముప్పావు వంతు నిండింది. భూలోకం బాబాయి లేచి తొట్టికి వడపోత గుడ్డ మార్చి, చింతపండు నానేసి, టీ కాచి, ఆ తర్వాతే నన్ను లేపాడు. సముద్రం మధ్య నాలుగు ఇనప కాళ్ళ మీద నిలబడ్డ ఈ పాత గ్యాసు గట్టు మీద ఆయన పంతొమ్మిదేళ్ళుగా ఉంటున్నాడు. నేను వచ్చి నాలుగేళ్ళు. మూడు వారాలు ఇక్కడ, ఒక వారం కొత్తరేవులో మా ఇంటి దగ్గర. ఆయనకి ఇల్లన్నా ఊరన్నా ఇదే.

ఏడింటికి నాలుగు కాళ్ళ దగ్గరా చెవి దించాను. తాడు చివర కొబ్బరికాయంత నల్ల గుండు ఉంటుంది, దాన్నే చెవి అంటాం. నీళ్ళ కింద చేపలు చేసే చప్పుళ్ళు విని, ఏ జాతివి ఏపాటి ఉన్నాయో పైన పెట్టెకి చెబుతుంది. ఈశాన్యం కాలు దగ్గర గొరక చేపలు నిన్నటి కంటే జోరుగా అరుస్తున్నాయి. తొమ్మిదింటికి రేడియోలో ఒడ్డుకి లెక్క చెప్పాను. అవతల నూకరత్నం వదిన రాసుకుంది. ఆరు ఊళ్ళ చేపల సంఘానికి ఆవిడే పెద్ద. గొరకలు పెరిగాయి కాబట్టి రేపటి నుంచి తూర్పు హద్దు బయట వలలు వేసుకోమని పడవలకి చెబుతానంది.

హద్దు లోపల ఎవరూ వల వెయ్యరు. గట్టు చుట్టూ రెండు మైళ్ళు. లోపల పుట్టి పెరిగి, చోటు చాలక బయటికొచ్చినవే మావి. మొదట్లో మా అత్తగారు ఇదేం పిచ్చి అనేది. ఇప్పుడు పొద్దున్నే తట్ట పట్టుకుని రేవులో అందరి కంటే ముందు నిలబడేది ఆవిడే.

పదకొండింటికి నీళ్ళలోకి దిగాను. నెలకోసారి ప్రతి కాలి మీదా జానెడు మేర ఆల్చిప్పలు గీకి లోపలి ఇనుము చూడాలి. మూడు కాళ్ళూ బాగున్నాయి. ఆగ్నేయం కాలు దగ్గర, నీటి మట్టానికి అర బార, అంటే మూడడుగుల కింద, గీకుతున్న కత్తి మొన లోపలికి దిగబడింది. చేత్తో తడిమాను. పగులు. గోరు పడుతుంది. కాలి చుట్టూ మూడు జానల దూరం తడిమినా అంతు దొరకలేదు.

పైకి వచ్చి ఒళ్ళు తుడుచుకుని నెత్తళ్ళ పులుసుతో అన్నం తిన్నాను. సాయంత్రం రేడియోలో మళ్ళీ మాట్లాడినప్పుడు నూకరత్నం వదిన కాళ్ళ సంగతి అడిగింది. బాగున్నాయని చెప్పాను.

ఆగస్టు 4

ఎందుకు దాచానో ఇక్కడైనా రాసుకోవాలి.

తీర శాఖ నియమం ఒకటుంది. సముద్రంలో మిగిలిన పాత గ్యాసు కట్టడాల్లో దేనికైనా కాలు పగిలినట్టు తేలితే దాన్ని మొదలంటా పెరికి తీసుకుపోవాలి. అది తప్పుడు నియమం కాదు. ఇది కూలితే అడుగున సిమెంటు పోసి మూసిన పాత గ్యాసు బావుల మీద పడుతుంది. మూతలు పగిలితే ఎంతమేర నీళ్ళు పాడవుతాయో ఎవరూ చెప్పలేరు.

కానీ మాకు దక్షిణాన ఇలాంటిదే ఇంకో గట్టు ఉండేది. ఆరేళ్ళ కిందట దాన్ని అలాగే పెరికారు. కాళ్ళను పట్టుకుని పెరిగిన ఆల్చిప్పలు, నాచు, వాటి సందుల్లో కాపరం ఉన్న బొంత చేపలు, అన్నీ గొలుసులకి వేలాడుతూ పైకొచ్చాయి. రెండేళ్ళకి అక్కడ నీళ్ళు మూగబోయాయి. అక్కడి వాళ్ళు పడవలు అమ్ముకుని పై ఊళ్ళకి వెళ్ళారు. వాళ్ళలో మా చెల్లెలి కుటుంబం ఉంది.

ఈ రోజు మధ్యాహ్నం బాబాయికి చెప్పాను. ఆయన వలలాంటి ఊయల మంచంలో కూర్చుని పాత స్విచ్చు ఒకటి బాగుచేస్తున్నాడు. తలెత్తలేదు. ఆ పగులు ఆయనకి రెండేళ్ళుగా తెలుసట. పోటు తగ్గి నీరు దిగినప్పుడల్లా నిచ్చెన మీద నుంచి వంగి, చెయ్యి అందినంత మేర లప్పం పెట్టి రంగు వేస్తున్నాడట. నేను ఆ కాలు గీకే రోజున ఏదో ఒక పని చెప్పి పైకి పిలుస్తున్నాడట, మొన్న మాత్రం ఏమరిచాడట.

"నీకు తెలిస్తే నువ్వు చెప్పేస్తావమ్మాయ్," అన్నాడు. "నువ్వు అబద్ధం ఆడలేవు."

మొన్న సాయంత్రం ఆడేశానని చెప్పాను. ఆయన స్విచ్చు కింద పెట్టి నా వంక చూశాడు. సంతోషించాడో బాధపడ్డాడో తెలియలేదు.

ఆగస్టు 9

పొద్దున పది గంటలకి ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి పెద్ద గాలి లేచింది. హద్దు బయట ఉన్న రెండు పడవలు గట్టు కిందికి వచ్చేశాయి. ఎప్పుడూ అంతే, గాలి రేగితే అందరికీ ఇదే రేవు. ఆరుగురు మనుషులు. ఆగ్నేయం కాలుకే తాళ్ళు చుట్టి కట్టుకున్నారు, అటు వైపే గాలి చాటు.

బాబాయి వాళ్ళని పైకి రమ్మన్నాడు. వానలో పైకెక్కడం ఎందుకులే అని వాళ్ళు పడవల్లోనే కూర్చుని అన్నం మూటలు విప్పారు. నేను నిచ్చెన దిగి కింది మెట్టు దాకా వెళ్ళాను. అల దిగినప్పుడల్లా కాలు అర బార బయటపడుతోంది. బాబాయి వేసిన రంగు పెచ్చులు లేచిపోయింది. పడవలు తాడు లాగినప్పుడు ఆ పగులు నోరు తెరుస్తోంది, వదిలినప్పుడు మూసుకుంటోంది. చేప మొప్పలా. దానికి నాలుగడుగుల దూరంలో ఒకాయన ఉల్లిపాయ కొరుక్కుంటూ నన్ను చూసి చెయ్యి ఊపాడు.

తాళ్ళు విప్పి వాయవ్యం కాలుకి కట్టుకోమని అరిచాను. ఎందుకని అడిగారు. అక్కడ మెట్లు బాగుచేయాలని చెప్పాను. గొణుక్కుంటూనే మార్చుకున్నారు.

గంటలో గాలి తగ్గింది. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆగస్టు 10

తొమ్మిది గంటల లెక్కకి ముందే పగులు సంగతి రేడియోలో చెప్పేశాను. ఎనిమిది రోజుల కిందటే చూశానన్న సంగతి కూడా. బాబాయి పక్కనే నిలబడి ఉన్నాడు. మైకు నా చేతిలోంచి లాక్కోలేదు. చెప్పడం అయ్యాక తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

 అవతల నూకరత్నం వదిన నా పేరు పెట్టి నెమ్మదిగా మాట్లాడింది. ఆవిడ కేకలు వేసి ఉంటే బాగుండేది.

"ఎనిమిది రోజులు మా మగోళ్ళు ఆ కాలికే తాళ్ళు కట్టారు కదే, పల్లాలూ. మీ ఆయన కూడా కట్టాడు."

తప్పేనని ఒప్పుకున్నాను. పడవలేవీ గట్టు దగ్గరికి రాకుండా ఆపుతానని, తీర శాఖకి తనే కబురు చేస్తానని చెప్పి, ఆ తర్వాత మామూలుగా అడిగింది: ఈ రోజు గొరకలు ఎలా ఉన్నాయి?

ఆగస్టు 13

బాబాయి నాతో మాట్లాడటం మానేసి మూడు రోజులు. అయినా పొద్దున్నే టీ నా గ్లాసులో పోసి మూత పెట్టి ఉంటుంది. అన్నం ఇద్దరికీ వండుతాడు. నా కంచంలో కూర ఎక్కువ వేసి, తన కంచం పట్టుకుని హెలికాప్టరు చదును మీదికి పోయి తింటాడు. ఒకప్పుడు పెద్దపెద్ద ఇంజినీర్లు దిగిన చోటు అది. ఇప్పుడు మేం అక్కడ బట్టలు ఆరేసుకుంటాం.

గ్యాసు అయిపోయిన ఏడాది ఆయన గొట్టాలు కోసే వెల్డరుగా ఇక్కడికి వచ్చాడు. అందరూ వెళ్ళారు, కాపలాకి ఒక్కరు కావాలంటే ఈయన ఉండిపోయాడు. అంతకు ముందే భార్య పోయింది, పిల్లలు లేరు. సంఘం వాళ్ళు హద్దు పెట్టి చెవి దించడం మొదలుపెట్టినప్పుడు, ఇక్కడొక మనిషి ఉన్నాడు కదా అని ఆయన్నే పెట్టుకున్నారు.

నేను చేసింది సరైన పనే. అయినా ఆయన అలా ఒక్కడూ కూర్చుని తింటుంటే, నా కంచం పట్టుకుని తలుపు దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాను.

ఆగస్టు 19

తీర శాఖ నుంచి ఇంజినీరు వచ్చింది. పేరు తహసీన్. ముప్పై దాటి ఉంటాయి. వచ్చీ రాగానే నిచ్చెన దిగి కాలు దగ్గరికి వెళ్ళింది. మా ఆయన ఈశ్వరే పడవలో తీసుకొచ్చాడు, కూడా నూకరత్నం వదిన. తహసీన్ గారు నాలుగు గంటలు సుత్తితో కొట్టి, తను తెచ్చిన పెట్టె ఆనించి విని, నన్ను నీళ్ళలోకి దింపి ఫొటోలు తీయించింది. ఆ ఫొటోల్లో పగులు వెనక ఉన్నవి కూడా పడ్డాయి. గులాబీ రంగు నాచు, ఆల్చిప్పల గుత్తులు, వాటిలోంచి తొంగి చూస్తున్న పిల్ల బొంతలు. ఆమె ఆ ఫొటోల దగ్గర ఆగి ఆగి చూసింది.

మధ్యాహ్నం అందరం వంటగదిలో కూర్చున్నాం. ఆమె దాచకుండా చెప్పింది. వచ్చే తుఫాను కాలం ఈ కాలు దాటదు. నియమం ప్రకారం నవంబరు మొదట్లో పడవ క్రేను వచ్చి మొత్తం పెరికి తీసుకుపోతుంది. తనకి ఇష్టం లేకపోయినా అలాగే రాయాలి. నూకరత్నం వదిన దక్షిణపు గట్టు సంగతి చెప్పింది. ఆమె తెలుసంది. వేరే దారి ఉంటే తనకీ కావాలంది. కాళ్ళకి కొత్త ఇనుము తొడగవచ్చా అని ఈశ్వర్ అడిగాడు. అంత బరువు కింద అది నిలవదని ఆమె చెప్పింది.

అప్పటిదాకా పొయ్యి దగ్గర మాకు వీపు పెట్టి నిలబడ్డ బాబాయి ఇటు తిరిగాడు.

"పైన బరువు తీసేస్తే కింద నిలబడుద్దండి," అన్నాడు. "గాలి కొట్టేది పైదాన్ని. కింద ఉన్నదానికి రోగం లేదు. తుప్పంతా నీటిమట్టం కాడే. మూడు బారల లోతు దాకా కోసి పారేస్తే, కింద పదకొండు బారలు రాయల్లే ఉంటది."

తహసీన్ గారు కాగితం తీసి లెక్కలు వేసింది. చాలాసేపు వేసింది. అవుతుందని చెప్పింది. పైది మొత్తం విప్పి, కాళ్ళు మూడు బారల కింద కోసి, పడవలకి ఆనవాలుగా నాలుగు మూలలా నీళ్ళ మీద తేలే దీపపు తేలుబుడ్లు కడితే నియమంలో ఒక వెసులుబాటు ఉందట. కానీ అక్టోబరు ముప్పై ఒకటి లోపు అయిపోవాలి, ఆ తర్వాతి రోజుకి క్రేను మాట్లాడేశారు. తర్వాత ఆయన్ని అడిగింది, ఇది రెండేళ్ళ కిందటే ఎందుకు చెప్పలేదని.

బాబాయి గిన్నె మీద మూత సర్దాడు. "తీసేస్తే నేనెక్కడుండాలో తెలీకండి," అన్నాడు.

 నూకరత్నం వదిన లేచి వెళ్ళి ఆయన చేతిలో గరిటె తీసుకుని అందరికీ వడ్డించింది.

సెప్టెంబరు 6

పని మొదలై పన్నెండు రోజులు. ఆరు ఊళ్ళ నుంచీ వంతులవారీగా పడవలు వస్తున్నాయి. ఏది ముందు విప్పాలో, ఏది తర్వాతో బాబాయి సుద్దముక్కతో ప్రతి రేకు మీదా అంకె వేశాడు. ఎవరైనా తొందరపడి వరస తప్పితే ఆ రేకు దగ్గరికి వచ్చి మాట్లాడకుండా నిలబడతాడు. వాళ్ళే సిగ్గుపడి మళ్ళీ బిగిస్తారు.

ముందుగా వెళ్ళినది హెలికాప్టరు చదును. దాని పలకలు తుఫాను భవనం పై కప్పుకి. తాగే నీళ్ళ తొట్టి బడికి. గొట్టాలు చేపలు ఎండబెట్టే పందిళ్ళకి గుంజలుగా. పాత కొత్తరేవు మునిగిపోయాక మేం వెనక్కి జరిగి కట్టుకున్న ఊరు ఇది, ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువగానే ఉండేది. ఈ పన్నెండు రోజుల్లోనే ఊరు ఇనుముతో బలిసింది.

బాబాయి మళ్ళీ మాట్లాడుతున్నాడు. ఈ రోజు నా గది విప్పారు. నా గోడ మీద ఉన్న అద్దం నన్ను ఇంటికి పట్టుకెళ్ళమన్నాడు. ఆయన గది ఆఖర్న అట.

సెప్టెంబరు 27

ఒక తగువు. తహసీన్ గారి కాగితంలో, కోసిన కాళ్ళ పైభాగాలతో మిగిలే ఇనప చట్రం తూర్పుకి పడాలని ఉంది. పగిలిన కాలు అటు వైపే కాబట్టి అటు వాలడం తేలిక. కానీ తూర్పున అడుగునే కదా గొరకలు గుడ్లు పెట్టేది. నేను వారం వారం చూస్తున్నాను, అక్కడ ఆల్చిప్పల గుట్ట ఒకటి కొత్తగా పెరిగి నా భుజాల ఎత్తుకి వచ్చింది. పడమర పక్క వట్టి బురద.

రేడియోలో ఆమెకి చెప్పాను. పడమరకి లాగాలంటే మంచి కాళ్ళ మీదికి వంచాలి, పడవల బలం చాలదేమో అంది. చాలకపోతే తూర్పుకే అని ఒప్పుకోమంది. నేను ఒప్పుకోలేదు. ఆమె నవ్వి, సరే, ముందు పడమర ప్రయత్నించండి, ఒక రోజు మాత్రమే ఇస్తానంది.

నాలుగేళ్ళలో నేను ఒక అధికారితో కాదని అనడం ఇదే మొదలు. మధ్యాహ్నం ఆకలి ఎక్కువ వేసింది.

అక్టోబరు 18

ఇక్కడ ఇక పడుకోవడానికి చోటు లేదు. వారం నుంచి రోజూ పొద్దున్న వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతున్నాం. బాబాయి మా ఇంటి వసారాలో ఉంటున్నాడు. నేల కదలకపోవడం ఆయనకి పడటం లేదు. నడుస్తుంటే కాలు ఎత్తి ఎత్తి వేస్తున్నాడు. మా అత్తగారికి ఆయన కూర వండే తీరు నచ్చలేదు, ఆయనకి ఆవిడది నచ్చలేదు. పొద్దున్నే ఇద్దరూ పొయ్యి దగ్గర ఉప్పు గురించి వాదించుకుంటారు. ఈశ్వర్, నేను కల్పించుకోవడం మానేశాం.

పక్క ఊరి నుంచి ఇద్దరు ఈతగాళ్ళు నాతో నీళ్ళలో పని చేస్తున్నారు. తూర్పు కాళ్ళు రెండూ మూడు బారల లోతున తీగ రంపంతో పూర్తిగా కోసేశాం. పడమటి కాళ్ళు మూడొంతులు కోసి, ఒక వంతు ఉంచాం. తలుపుకి బందుల్లా అవి వంగాలి.

అక్టోబరు 23

ఈ రోజుది పూర్తిగా రాయాలి.

పొద్దున ఎనిమిదింటికి పద్నాలుగు పడవలు. అన్నిటి మీదా ఎండతో కరెంటు చేసే రేకులు విప్పి మోటార్లకి నిండా బలం పట్టించాం. చట్రం తూర్పు కాళ్ళ పైభాగానికి కట్టిన తాళ్ళు పడమటి వైపు పడవలకి. తహసీన్ గారు నూకరత్నం వదిన పడవలో ఉంది. నీళ్ళలో ఎవరూ ఉండకూడదని ఆమె ముందే ఆజ్ఞ వేసింది.

వదిన జెండా ఊపింది. పద్నాలుగు పడవలూ ఒక్కసారి లాగాయి. తాళ్ళు నీళ్ళలోంచి లేచి బిగిసి, నీళ్ళు చిమ్మాయి. చట్రం కదిలింది, మళ్ళీ నిలబడింది. ఇంకోసారి. మూడోసారి ఒక తాడు తెగి రెండు పడవలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మధ్యాహ్నం దాకా అలాగే లాగాం. మోటార్లు వేడెక్కి వాసన వస్తున్నాయి. పన్నెండున్నరకి తహసీన్ గారు నా పడవ పక్కకి వచ్చింది. ఆమె ఏం అడగబోతోందో తెలుసు. తూర్పుకి.

బాబాయి నా పడవలోనే, ముందు పలక మీద కూర్చున్నాడు. పొద్దున్నుంచీ ఆయన చట్రం వంకే చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఏదైనా జపం చేస్తున్నాడేమో అనుకున్నాను.

"అలా లాగితే రాదండి," అన్నాడు తహసీన్ గారితో. "దానికో ఊపుంది. పంతొమ్మిదేళ్ళు దాని మీదే పడుకున్నాను. పైబరువు తీసేక ఊపు మారింది. ఇప్పుడు అటెళ్ళి ఇటొచ్చేలోగా ఏడు లెక్కడతన్నాను. అది మనేపు వచ్చేటప్పుడే లాగాలి. వెనక్కెళ్ళేటప్పుడు వదిలెయ్యాలి."

ఆమె ఆయన్ని చూసింది, చట్రాన్ని చూసింది, తన గడియారం చూసుకుంది. తనే మూడు ఊపులు లెక్కపెట్టింది. ఆ తర్వాత జెండా వదిన చేతిలోంచి తీసుకుని బాబాయికి ఇచ్చింది.

ఆయన లేచి నిలబడ్డాడు. పడవ ఊగుతుంటే ఆయన నడుం పట్టుకున్నాను. జెండా దించితే లాగడం, ఎత్తితే వదలడం. మొదటి రెండు సార్లూ పడవలు కలవలేదు. మూడోసారికి పద్నాలుగూ ఒక్కటయ్యాయి. చట్రం ఇటు వాలింది, అటు వెళ్ళింది, ఈసారి ఇంకొంచెం ఎక్కువ వాలింది. ఆయన గొంతు నాకు మాత్రమే వినబడుతోంది. ఒకటి, రెండు, మూడు. ఊయల ఊపుతున్నట్టే ఉంది. పదకొండో ఊపుకి నీళ్ళ కింద నుంచి ఒక శబ్దం వచ్చింది, చెవితో కాదు, పడవ చెక్కల్లోంచి పాదాలకి తెలిసింది. పన్నెండోసారి ఆయన జెండా దించి, ఎత్తలేదు.

చట్రం నెమ్మదిగానే పడింది. తొందరేమీ లేనట్టు పడమరకి వాలి, నీళ్ళని రెండుగా చీల్చి, లోపలికి వెళ్ళిపోయింది. పెద్ద అల వచ్చి పడవలన్నిటినీ ఎత్తి దించింది. బురద పైకి వచ్చి నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. ఆ తర్వాత అక్కడేమీ లేదు. నేను పుట్టినప్పటి నుంచి తూర్పున చూస్తే కనిపించేది, ఇప్పుడు లేదు.

  అందరూ బాబాయి వంక చూస్తున్నారు. ఆయన జెండాని కర్రకి జాగ్రత్తగా చుట్టి, తాడు కట్టి, తహసీన్ గారికి తిరిగి ఇచ్చాడు. కూర్చున్నాడు. కొంచెం మంచినీళ్ళు అడిగాడు.

నవంబరు 11

తుఫాను వచ్చి వెళ్ళింది. రెండు రోజులు తుఫాను భవనంలో ఉన్నాం. నాలుగొందల మందిమి. గట్టు పలకల పైకప్పు గాలికి మోగింది కానీ లేవలేదు. బాబాయి, మా అత్తగారు కలిసి అందరికీ గంజి కాచారు. ఉప్పు సరిపోయిందని ఇద్దరూ ఒప్పుకున్నారు.

పెద్దలు అంటున్నారు, ఈ గాలికి ఆ కాలు ఒక పూట కూడా ఆగేది కాదని. మొన్న ఆగస్టులో చెప్పకుండా ఉండి ఉంటే అన్న ఆలోచన వస్తోంది. వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పని చేస్తున్నాను. నూకరత్నం వదిన ఆ ఎనిమిది రోజుల మాట మళ్ళీ ఎత్తలేదు. మరిచిపోయి మాత్రం ఉండదు.

నవంబరు 15

అల తగ్గింది. వెళ్ళాం. నాలుగు తేలుబుడ్లలో మూడు ఉన్నాయి, ఒకటి కొట్టుకుపోయింది. నీళ్ళు ఇంకా చిక్కగా ఉన్నాయి, దిగినా ఏమీ కనిపించదు. పడవలోంచే చెవి దించాను. పెట్టె చాలాసేపు ఊరుకుంది. గుండు బురదలో కూరుకుందేమోనని ఒక బార పైకి లాగాను. అప్పుడు వినబడ్డాయి. ఈశాన్యం కాలు దగ్గర గొరకలు, ఆగస్టులో ఉన్నవాటిలో సగం. నైరుతి దగ్గర బొంతల దబ్ దబ్. తూర్పు గుట్ట దగ్గర రొయ్యలు, పొయ్యిలో చిటపటల్లా.

సగం చాలు. రేడియోలో సగమనే చెప్పాను. ఈ ఏడు తూర్పు హద్దు బయట వలలు వెయ్యవద్దని వదిన పడవలకి చెప్పింది. సణుగుడు పెద్దగా రాలేదట. ఆ రోజు తాళ్ళు లాగినవాళ్ళే కదా అందరూ.

జనవరి 27

నీళ్ళు తేరుకున్నాయి. గాలి లేదు. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరుతుంటే బాబాయి తనూ వస్తానన్నాడు. నవంబరు తర్వాత ఆయన సముద్రం మీదికి రాలేదు. ఊళ్ళో మోటార్లు బాగుచేసే పాకలో కూర్చుంటున్నాడు, పొద్దున్నే జనం అక్కడ వరస కట్టి ఉంటారు. వద్దనుకుంటాడేమోనని నేనూ ఇన్నాళ్ళు అడగలేదు.

తేలుబుడ్ల మధ్య పడవ ఆపి చెవి దించాను. గొరకలు ముప్పావు దాకా వచ్చాయి. పడిపోయిన చట్రం మీద కూడా ఏవో చప్పుళ్ళు మొదలయ్యాయి, ఏ జాతో పెట్టె ఇంకా తేల్చుకోలేదు. అడుగున అద్దం బిగించిన బకెట్టు ఒకటి ఉంది, పైనుంచే కిందికి చూడటానికి. అది నీళ్ళ మీద ఆనించి ఒకసారి చూసి, మామూలుగా ఆయన చేతికి ఇచ్చాను.

ఆయన తీసుకోలేదు. తనకి ఈత రాదన్నాడు. ఎప్పుడూ చెప్పలేదేం అని అడిగాను. సముద్రం మీద ఉండేవాడికి ఈత రాదంటే ఎవరు ఉంచుకుంటారని చెప్పలేదట. నీళ్ళు దగ్గరగా చూస్తే భయమట. లప్పం పెట్టినన్నాళ్ళూ నడుముకి తాడు కట్టుకుని, కళ్ళు మూసుకుని పెట్టాడట. కింద ఏముందో నేను పైకి వచ్చి చెప్పగా వినడమే కానీ, ఒక్కసారీ తొంగి చూడలేదట.

పడవ అంచున ఆయన్ని బోర్లా పడుకోబెట్టి, రెండు కాళ్ళ మీదా నేను కూర్చున్నాను. ఈశ్వర్ అటు పక్కకి వాలి పడవని నిలబెట్టాడు. బాబాయి బకెట్టు రెండు చేతులా పట్టుకుని మొహం అందులో పెట్టాడు. కొంతసేపు ఆయన పిక్కలు నా కింద కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. తర్వాత మెత్తబడ్డాయి.

చాలాసేపు కదల్లేదు. మాకు భయం వేసి పిలిచాం. బకెట్టులోంచి గొంతు మోగుతూ వచ్చింది.

"వాయవ్యం కాలు మీద పెద్ద బొంత ఒకటి కూచుందమ్మాయ్. నా వంకే చూస్తంది." కాస్త ఆగి అన్నాడు, "పంతొమ్మిదేళ్ళు పైన కాపరం ఉండి, కిందింటోళ్ళని ఒక్కసారీ పలకరించలేదు."

బకెట్టు తిరిగి ఇవ్వలేదు. తొమ్మిదింటికి రేడియోలో చెప్పాల్సిన లెక్క ఈ రోజు పదకొండున్నరకి చెప్పాం.